అంగడి నియమములును కొనువాని యెఱుకయును
(మహాసభ రెండవనాటి సమావేశమునందు చదువబడిన యుపన్యాసము)



ఈ సభయందు నన్ను గూడ నాలుగుమాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినపుడు, విద్యావ్యాప్తిని గుఱించియో, వసతిగృహనిధిని గుఱించియో నేను ప్రసంగింతునని వారు తలంచియుందురు. ఆ విషయములను నాకంటె సమర్థులు చెప్పనున్నారు. చిరకాలము బడిలో శబ్దమంజరి వల్లెవేయించి విశ్రాంతిగొన్న నావంటివాడు చేతిలో నిముడు ఫోనును గుఱించి యుపన్యసించుట కొందఱకు వింతగ తోచవచ్చును. కాని నేడు మన యిండ్లలో పిల్లవాని యాట మొదలుకొని, పెద్దవారు వినుకొను పాటల చందావఱకును, వధూవరాన్వేషణమువఱకును ఆ ఫోనుగుండనే సొమ్ము వెలుపలికి పోవుచున్నది. ఎంత పోవుచున్నదో యెఱిగినవారు కలరు. అదియే యంతకంటె తక్కువకు మఱియొకచోట దొరకునేమో యెఱిగినవారు అరుదు. ఈ యెఱుగకపోవుట మన యజాగ్రత్తవలన కలిగినదా, లేక యెఱుగనీయకుండ నొకరు కట్టిన కట్టడివలన కలిగినదా యనునదే నేటి నా ప్రశ్న.

ముందుగ వస్తుస్థితి. ఐఫోనులో యాప్‌లు దొరకు నంగడి ఆపిల్ కంపెనీవారి యాప్ స్టోరు. తక్కిన ఫోనులలో నధికభాగమునకు గూగుల్ కంపెనీవారి ప్లే స్టోరు. ఆపిల్‌వారు 2008వ సంవత్సరమున తమ యంగడిని తెఱచినపుడే, అందమ్ముడుపోవు సరకుపై నూటికి 30 వంతులు తమకు రావలెనని నిర్ణయించిరి. గూగుల్‌వారును ఆ జాడనే నడచిరి. 2021లో నుభయులును ఏటికి 10 లక్షల డాలర్లలోపు రాబడిగల చిన్నవారికి దీనిని 15 వంతులుగ తగ్గించిరి. ఈ కమీషను అన్నిటిమీదను లేదు. రైలుటిక్కెట్టునకును, బియ్యపుబస్తాకును, అద్దెకారునకును మనము నేరుగ యూపీఐతో చెల్లించుచున్నాము. వాని జోలికి అంగడివారు రారు. పాట, ఆట, పుస్తకము, పాఠము మొదలగు ఫోనులోనే యనుభవింపదగు సరకులకే యీ భారము. సంతలో ఆశీలు కాంట్రాక్టరు గంపకింతయని వసూలు చేయును గదా, అట్టిదే యిదియును. చోటు చూపినవాడు, దారి వేసినవాడు, దొంగలను కాచినవాడు కొంత పుచ్చుకొనుట న్యాయమే. అది 30 వంతులు కావలెనా, 10 వంతులు కావలెనా యను తగవులోనికి నేను పోను. దానిని లెక్కలు కట్టగలవారు తేల్చుకొందురు గాక.

నా తగవు వేఱు. ఆశీలు పుచ్చుకొనువాడు కూరలమ్మెడి యామెతో, “ఈ వంకాయలే మీ దొడ్డియొద్ద రెండురూపాయలు తక్కువకు దొరకునని యీ సంతలో నెవ్వరితోను అనరాదు, అన్నచో నీ గంప బయట పాఱవేయింతును” అని పలికెనేని మన మేమందుము? ఏండ్లతరబడి ఆపిల్‌వారి నియమావళిలో నున్నది యిదియే. యాప్‌లోపల గాని, దాని వర్ణనయందు గాని, వేఱొకచోట చెల్లింపవచ్చునని తెలుపు బటనుగాని, లింకుగాని, పిలుపుగాని యుండరాదు. ఆంగ్లమున దీనికి యాంటీ స్టీరింగు నియమమని పేరు. తెలుగున దారిచూపరాదను నియమమనిన సరిపోవును. యాప్‌లోనే సంపాదించిన చిరునామాకు వెలుపలినుండి జాబు వ్రాసి చౌకదారి తెలుపుటయు నిషిద్ధమై యుండెను. చిన్న యాప్‌కర్తలు వేసిన యొక దావా 2021 ఆగస్టులో రాజీపడినపుడు ఆ యొక్కటి సడలెను.

ఉదాహరణములు లేనిదే యిట్టి విషయము మనసున నిలువదు. స్వీడను దేశమున పుట్టిన స్పాటిఫై యను సంగీతపుకంపెనీకి ఐరోపాలో నెలచందా 9 యూరోల 99 సెంట్లుగ నున్నకాలమున, 2014 మొదలు 2016 వఱకు, అదే చందాను ఐఫోనులోని యాప్‌గుండ కట్టినవారు 12 యూరోల 99 సెంట్లు ఇచ్చుకొనిరి. పాట యొకటే, చెవి యొకటే, వెలలు మాత్రము రెండు. పిదప నా కంపెనీవారు యాప్‌లో చందా యమ్ముటనే మానిరి. అటుతరువాత యాప్‌ను తెఱచినవానికి ఇచట కొనరాదని మాత్రము తెలిసెడిది. ఎచట కొనదగునో చెప్పుటకు వారికి నోరులేకుండెను. వారు 2019లో ఐరోపా కమిషనునకు ఫిర్యాదు చేసిరి. 2024 మార్చి 4వ తేదీని కమిషనువారు ఆపిల్‌కంపెనీపై 180 కోట్ల యూరోలకు మించిన జరిమానా విధించిరి. పాటల చందాలకు చౌకయైన మార్గములున్నవని వినియోగదారులకు తెలియనీయకుండుటయే యందలి నేరము. ఏడాది గడచిన పిమ్మట, 2025 ఏప్రిలులో, క్రొత్తగ వచ్చిన డిజిటల్ విపణి చట్టముక్రింద ఇట్టి నిరోధమునకే మఱి 50 కోట్ల యూరోలు విధించిరి.

ఇంకొక యుదాహరణము నాకు దీనికంటెను ముఖ్యముగ తోచును. 2020 ఆగస్టులో ఫేస్‌బుక్ కంపెనీవారు, చిన్నవ్యాపారులు రుసుము పుచ్చుకొని తెరపై జరుపుకొను తరగతులు మొదలగువానికొక యేర్పాటు చేసి, ఈ కొనుగోలులో 30 వంతులు ఆపిల్‌వారికి పోవునని తెలుపు నొక్క వాక్యమును యాప్‌లో వ్రాయబోయిరి. అది వినియోగదారునకు అనవసరమైన సమాచారమని చెప్పి ఆపిల్‌వారు త్రోసిపుచ్చిరని ఫేస్‌బుక్‌వారు నాడు ప్రకటించిరి. గమనింపుడు! ఇందు చౌకదారి చూపుట లేదు, పొరుగంగడి పేరు లేదు. నీవిచ్చిన నూఱింట ముప్పది యెవరిచేత పడుచున్నదో చెప్పుట మాత్రమే. అదియు ననవసరమట!

మనదేశపు లెక్కయు నొకటి చూతము. పిదప ఎక్స్ అని పేరు మార్చుకొనిన ట్విట్టరు కంపెనీవారు 2023 ఫిబ్రవరిలో భారతదేశమున నెలచందా పెట్టినపుడు, ఫోనులోని యాప్‌గుండ కట్టువారికి 900 రూపాయలు, కంప్యూటరులో వెబ్‌సైటుగుండ కట్టువారికి 650 రూపాయలు అని నిర్ణయించిరి. తొమ్మిదివందలలో నూటికి 30 చొప్పున తీసివేసినచో మిగులునది 630. అంగడివారి పాలు ఎవరి చేతినుండి వచ్చుచున్నదో మా బడిలోని ఆఱవతరగతి బాలుడు చెప్పగలడు. నాడు ఏడాదికి తేడా 3000 రూపాయలు. కాని యీ మాటను ఐఫోనులోని యా తొమ్మిదివందల తెరపైననే చెప్పుటకు నియమ మొప్పుకొనకుండెను.

ఇపుడు శాస్త్రప్రసంగము కొంచెము చేయుదును. నా యలవాటును సభవారు మన్నింతురు గాక. అనుపలబ్ధి యని యొక ప్రమాణము కలదు. భట్టమతానుయాయులగు మీమాంసకులును, అద్వైతులును దీనిని వేఱు ప్రమాణముగ నంగీకరించిరి, నైయాయికు లంగీకరింపలేదు. ఆ వాదము మనకిపుడు వలదు. నేలపై కుండ లేదని నేనెట్లు తెలిసికొందును? కానరాలేదు గనుక. అయితే చీకటిగదిలో కుండ కానరానంతమాత్రమున కుండ లేదనరాదు. ఉన్నచో తప్పక కానబడదగిన వెలుతురును, కన్నును ఉండి, అప్పటికిని కానరానిచోటనే లేమి సిద్ధించును. దీనినే యోగ్యానుపలబ్ధి యందురు.

కొనువాడు ఫోనుతెరను చూచుచున్నాడు. తొమ్మిదివందల వెల కానబడుచున్నది, వేఱువెల కానబడుట లేదు. కావున వేఱువెల లేదని యతడు నిశ్చయించుకొనుచున్నాడు. సంతలో నైనచో నీ నిశ్చయము చాలవఱకు సరియైనదే. తక్కువకిచ్చువారున్నచో కేకవేసి చెప్పియే యుందురు. కేకవేయరాదను నిషేధమున్నచోట కేక వినబడకపోవుట దేనికిని ప్రమాణము కాదు. అంగడివాడు తానే దీపమార్పి, “ఇచట నీకు కుండ కానబడుచున్నదా? లేదు గదా!” యనుచున్నాడు. ఇందలి కీడు మామూలు అజ్ఞానమునకంటె పెద్దది. తనకు తెలియదని యెఱిగినవాడు నలుగురి నడిగి తెలిసికొనును. లేదని నిశ్చయించుకొన్నవా డెవ్వరి నడుగును? ఎందుల కడుగును?

అంగడివారి పక్షమున చెప్పబడు మాటలు తేలికవి కావు. పూర్వపక్షమును దాచిపెట్టి సిద్ధాంతము చేయుట నాకు చేతకాదు. ఏ దుకాణదారుడును తన గోడపై ‘ఎదుటి దుకాణమున చౌక’ యని పలక కట్టనీయడు గదా యనునది మొదటిమాట. నిజమే. కాని యెదుటి దుకాణము వీధిలో నిలిచిన ప్రతివానికిని కన్నులకు కానబడును. పలక లేకున్నను దాటిపోయి యడుగవచ్చును. దిగువ నేను చెప్పబోవు వ్యాజ్యమున అమెరికా న్యాయాధికారిణియు నీ భేదమునే పట్టుకొనిరి: ఇటుకగోడల దుకాణములలో కొనువారికి వేఱుదారులున్నవని తెలియును, ఈ క్రొత్త యంగళ్లలో నట్లుగాదు అని. మఱియు నిచట పలక కట్టదలచినది ఎదుటి దుకాణదారుడు కాడు. సరకు చేసినవాడే తన సరకుపై తన చీటి యంటించుకొందునన్నాడు.

రెండవమాట భద్రతను గుఱించినది. అంగడిగుండ చెల్లించినచో కార్డుసంఖ్య పదిమందిచేత పడదు. చందాలన్నియు నొక్కచోట కానబడును, నొక్కచోటనే మానిపింపవచ్చును. మోసము జరిగినచో అడుగుట కొకడుండును. ఇది చాల మెచ్చదగిన సౌకర్యము. వృద్ధులకు మఱింత. దీనికొఱకు నూటికి ముప్పది యెక్కువ యిచ్చుటకు మనస్ఫూర్తిగ నొడబడువారును కలరు. వారిని నేను తప్పుపట్టను. కాని యొడబడుట యనగా నేమి? రెండువెలలు చూచి యెక్కువదానిని కోరుకొనుట యొడబాటు. ఒక్కవెలనే చూచి దానిని చెల్లించుట యొడబాటెట్లగును? సౌకర్యమంత గొప్పదైనపుడు దాని వెలను దాచవలసిన పనియేమి?

క్రెడిటుకార్డుల విషయమున ఇట్టి నిషేధమునే 2018లో అమెరికా సుప్రీంకోర్టువారు అయిదుగురు నలుగురుగ చీలి నిలువబెట్టిరి. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కార్డు తీసినవానిని వేఱుకార్డు తీయుమని దుకాణదారుడు ప్రోత్సహింపరాదను నియమ మది. అచట కొనువాని జేబులో రెండవకార్డు ఉండనే యున్నది. ఇచట రెండవదారి కలదను సంగతియే తెలియదు. కాన ఆ తీర్పు మన ప్రశ్నకు పూర్తిగ నన్వయింపదని నా తలంపు.

ఇక వ్యాజ్యము. ఫోర్ట్‌నైటు అను నాటను నిర్మించిన ఎపిక్ గేమ్స్ కంపెనీవారు 2020 ఆగస్టు 13వ తేదీని తమ యాప్‌లో నియమమునకు విరుద్ధముగ రెండువెలలు ప్రక్కప్రక్కన చూపిరి. ఆటలోని వెయ్యి నాణెములు ఆపిల్‌గుండ 9 డాలర్ల 99 సెంట్లు, తమకు నేరుగ చెల్లించినచో 7 డాలర్ల 99 సెంట్లు. ఆనాడే ఆ యాట రెండంగళ్లనుండియు తొలగింపబడెను. ఆనాడే దావాలు పడెను. వీరును పెద్దకంపెనీయే, ధర్మప్రతిష్ఠకై దిగినవారు కారు. బుద్ధిపూర్వకముగ తగవు తెచ్చుకొనిరి. అయినను దానివలన సంగతులు బయటపడెను. 2021 సెప్టెంబరు 10వ తేదీని కాలిఫోర్నియాలోని ఫెడరల్ న్యాయాధికారిణి యివాన్ గొంజాలెజ్ రోజర్స్‌గారు ఆపిల్‌కంపెనీపై మోపబడిన పది యారోపణలలో తొమ్మిదింటిని కొట్టివైచిరి. గుత్తాధిపత్యపు నేరము రుజువు కాలేదనిరి. నిలిచినది పదవది యొక్కటే: దారిచూపరాదను నియమము వినియోగదారులకు కావలసిన ముఖ్యసమాచారమును దాచుచున్నది, కాన నా రాష్ట్రపు అక్రమపోటీచట్టమునకు విరుద్ధము. 2023లో పైకోర్టువా రీ తీర్పును స్థిరపఱచిరి. 2024 జనవరి 16వ తేదీని సుప్రీంకోర్టువారు జోక్యము చేసికొన నిరాకరించిరి.

తరువాత జరిగినది వినుడు. నా దృష్టిలో నీ కథయందు మిక్కిలి నేర్చుకొనదగిన ఘట్టమిదియే. చెప్పుకొననిమ్మని కోర్టు ఆజ్ఞ. సరే, చెప్పుకొనుడు అని ఆపిల్‌వారనిరి. అయితే యాప్‌లోని లింకుద్వారా బయటికి పోయి కొన్నదానిపైనను నూటికి 27 వంతులు తమ కీయవలెననిరి! బయట చెల్లింపును నడపించుకొనుటకు కార్డుకంపెనీలు మొదలగువారికి యాప్‌కర్త వేఱుగ నిచ్చుకొనవలసినదే. మిగిలిన మూడువంతులును దానికే చెల్లు. ఇక చౌకగ నెట్లమ్మును? చౌకగ నమ్మలేనివాడు ఏమని చాటుకొనును? అంతటితో పోలేదు. ఆ లింకు ఎచట నుండవలెనో, ఎట్టి రూపమున నుండవలెనో కట్టుబాట్లు. దానిని ముట్టినవానికి తెరనిండుగ నొక హెచ్చరిక. నీవు బయటికి పోవుచున్నావు, అచట జరుగుదానికి మాపూచీ లేదు అని దాని సారాంశము. నోటికి కట్టిన గుడ్డ విప్పి గొంతు పట్టుకొనుట యనగా నిదియే. 2025 ఏప్రిలు 30వ తేదీని అదే న్యాయాధికారిణి, ఆపిల్‌కంపెనీ బుద్ధిపూర్వకముగ కోర్టుధిక్కారము చేసెనని నిర్ణయించిరి. కంపెనీ యున్నతోద్యోగి యొకరు ప్రమాణముచేసి యసత్యమాడిరని వ్రాసి, నేరవిచారణ యవసరమేమో చూడుడని ప్రభుత్వన్యాయవాదికి పంపిరి. బయటి కొనుగోలుపై ఎంత కమీషను తగునను వివాదము ఆపైనను సాగినది. కాని అమెరికాలోని ఐఫోనులందు కిండిల్ యాప్‌లో అమెజాన్‌వారు ఆ మే నెలలోనే, పుస్తకము కొనుటకు తమ వెబ్‌సైటునకు పోవు బటనును పెట్టగలిగిరి. అంతవఱకు నా పుస్తకముల యాప్‌లో పుస్తకమెచట కొనవలెనో చెప్పుటకు వీలులేకుండెను.

ప్రాచీనుల మాట యొకటి స్మరణకు వచ్చుచున్నది. 1909లో మైసూరున శామశాస్త్రిగారు ప్రకటించిన కౌటిల్యుని యర్థశాస్త్రమున శుల్కాధ్యక్షప్రకరణము కలదు. సుంకపుచావడియొద్ద ధ్వజముక్రింద వర్తకుడు తన సరకుయొక్క పరిమాణమును, వెలను ముమ్మాఱు చాటి, ఎవరు కొందురని యడుగవలెనని యందలి విధి. కొనువారు పోటీపడి వెల పెంచినచో పెరిగినది సుంకముతోకూడ బొక్కసమునకు పోవునని యావెంటనే యున్నది గావున, ఇది కేవలము కొనువానిపై దయచే పుట్టిన విధి కాదని యొప్పుకొందును. అయినను సుంకము పుచ్చుకొనుచోటనే వెల చాటబడవలెనని యేర్పాటు. నేటి సుంకపుచావడియందు చాటరాదని యేర్పాటు!

మనదేశమున నీ సంగతి కాంపిటీషన్ కమిషనువారియొద్దకు పోయినది. 2022 అక్టోబరు 25వ తేదీని వారు గూగుల్ కంపెనీకి ప్లే స్టోరు చెల్లింపు నియమముల విషయమున 936 కోట్ల 44 లక్షల రూపాయల జరిమానా విధించి, యాప్‌కర్తలు వేఱు చెల్లింపుమార్గములను గుఱించి చెప్పుకొనుట కడ్డుపడు నియమములను పెట్టరాదనిరి. 2025 మార్చిలో అప్పీలు ట్రిబ్యునలువారు జరిమానాను 216 కోట్ల 69 లక్షలకు తగ్గించిరి. వివాదము సుప్రీంకోర్టునకు చేరెను. ఈ నడుమ గూగుల్‌వారు అంగడి చెల్లింపుప్రక్కన సొంత చెల్లింపును గూడ చూపుట కనుమతించిరి గాని, అట్లు చెల్లించినచో కమీషనులో తగ్గించినది నూటికి 4 వంతులే. అమెరికాలో 30కి బదులు 27, ఇచట 15కి బదులు 11! దూరము వేలమైళ్లైనను లెక్క యొక్కచందమే.

2024 మార్చి 1వ తేదీన జరిగినది మనలో ననేకులకు జ్ఞాపకముండును. కమీషను చెల్లింపలేదని గూగుల్‌వారు భారత్ మాట్రిమొని మొదలగు కొన్ని భారతీయ యాప్‌లను ప్లే స్టోరునుండి తొలగించిరి. కేంద్రప్రభుత్వము కలుగజేసికొనగా కొలది దినములలో మరల చేర్చిరి. పెండ్లికెదిగిన బిడ్డలున్న తల్లిదండ్రులు ఆ నాలుగుదినములు సంబంధములజాబితా యేమైనదో తెలియక తల్లడిల్లిరి. నావద్దకు వచ్చి యడిగినవారిలో నొక్కరికైనను, ఆ సంస్థల వెబ్‌సైటులు తెఱచియే యున్నవనియు, అచటనే నేరుగ రుసుము కట్టవచ్చుననియు తెలియదు. యాప్ పోయినచో సంస్థయే పోయినదని తలంచిరి. దారి చూపబడని జనము ఎట్లుందురో అప్పుడు చూచితిని.

తెలిసినంతమాత్రమున నందఱును చౌకదారినే పట్టుదురని నేననను. పది యిరువది రూపాయలకు ఎవరు వెబ్‌సైటులు వెదకుకొందురు? పైని చెప్పిన 2021నాటి తీర్పులోనే యొక లెక్క యున్నది: ఆపిల్ యంగడి రాబడిలో సుమారు నూటికి 70 వంతులు ఆటలనుండి వచ్చుచున్నదనియు, దానిని చెల్లించువారు అంగడికి వచ్చువారిలో పదవవంతునకు లోబడినవారనియు. కాన మనలో పెక్కుమందికి దీనివలని నష్టము స్వల్పమే. ఆట మరగిన కుమారుడున్న యింటికి మాత్రము స్వల్పము గాదు. ఆ యింటివారికే యీ యెఱుక మిక్కిలి యవసరము. ఆ యింటివారికే యిది చివరకు చేరును.

మన సంఘపుయువకులు వధూవరుల పట్టికను, విద్యార్థివేతనముల దరఖాస్తులను ఫోనులోని కెక్కింప నుత్సహించుచున్నారని విని సంతసించితిని. వారికొక్క మనవి. ఆ యాప్‌లో సభ్యత్వరుసుము పెట్టుదురేని, యాప్‌గుండ ఎంతయో, సంఘకార్యాలయమున నేరుగ ఎంతయో రెండును మన మాసపత్రికలోను, రసీదుపుస్తకపు అట్టమీదను అచ్చువేయింపుడు. కాగితముపై ఏ యంగడివాని నియమమును చెల్లదు. పోషకులలో పాఠములు, పత్రికలు ఫోనుగుండ నమ్మువారు కొందఱున్నారు; వారును తమ సొంత వెబ్‌సైటు వెలను బిల్లులపై వేయింపవచ్చును. తక్కిన మనమందఱము నెలచందా కట్టుటకుముందు, ఆ కంపెనీ వెబ్‌సైటును ఫోనులోని బ్రౌజరుతో నొకమాఱు తెఱచి, అచటి వెలను, మానుకొనవలసినపుడు మానుకొను విధమును చూచికొనుట కయిదు నిమిషములు చాలును. రెండువెలలు అచ్చువేయుటను గూర్చిన తీర్మానపు ముసాయిదాను వ్రాసి తెచ్చితిని. దానిని రేపటి విషయనిర్ణయసభవారి పరిశీలనకై కార్యదర్శిగారి చేతికిచ్చుచున్నాను.